ఏడో వరుసలో మొదటి కుర్చీ

టేపు మొట్టమొదట అతని చేతిని కలుసుకుంది. మిగతా మనిషిని కలుసుకోవడానికి మర్నాటిదాకా ఆగాల్సి వచ్చింది. అందరికీ మనిషి ముందు ఎదురవుతాడు, చెయ్యి తరవాత. ఆ చెయ్యి ఎలాంటిదో తెలిసే వేళకి ఇక చేసేదేమీ ఉండదు. తనకు జరిగిందే సరైన వరస అని ఆమె ఇప్పటికీ అంటుంది.

టేపు అంటే ముద్దుపేరు. కొలతల టేపు మెళ్ళో లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు గనక మేనత్త అలా పిలవడం మొదలుపెట్టింది. తరవాత అది ఇంట్లోనూ కొట్లోనూ స్థిరపడిపోయింది. నాన్నది కర్టెన్లు కుట్టే కొట్టు. నాన్న గుడ్డ కత్తిరిస్తాడు, టేపు మిషను మీద కుడుతుంది, మేనత్త అంచులు మడిచి చేత్తో కుట్టుకుంటూ అందరి సంగతులూ చెబుతుంది. ముగ్గురిలో ఎక్కువ కష్టపడేది తనేనని మేనత్త నమ్మకం.

మూడు వారాల కిందట సైన్సు కాలేజీవాళ్ళ పెద్ద హాలుకి నల్ల కర్టెన్లు కావాలని ఆర్డరు వచ్చింది. సముద్రం అడుగున బతికే జీవుల మీద నలభై ఏళ్ళుగా పరిశోధన చేస్తున్న పేరుమోసిన శాస్త్రవేత్త ఒకావిడ రెండు ఉపన్యాసాలు ఇవ్వడానికి వస్తోందట. శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి, రెండూ సాయంత్రం నాలుగింటికే. ఆవిడ పూలదండ వద్దంది, కారు వద్దంది, చీకటి మాత్రం కావాలంది. బయట ఎండ కాస్తూండగా లోపల కూర్చున్న మనిషికి తన అరచెయ్యి తనకు కనపడకూడదని ఉత్తరంలో రాసి, ఆ వాక్యం కింద గీత కూడా గీసింది.

"చీకటి సప్లై చెయ్యడం మనకిదే మొదటిసారి," అన్నాడు నాన్న, గర్వంగానే.

పదకొండు కిటికీలు, ఒక్కోటీ పన్నెండు అడుగుల ఎత్తు. టేపు నిచ్చెనెక్కి ప్రతి కిటికీ కొలిచింది. కొలతల పిచ్చి ఉంది కాబట్టి దిగాక హాలు పొడవూ, నడవ వెడల్పూ, మెట్ల ఎత్తూ కూడా కొలిచి రాసుకుంది. కిటికీకి మూడు పొరలు, రెక్కలు ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేటట్టు, గాలికి లేవకుండా కింది మడతలో సన్నటి గొలుసు. హాలుకి కాపలా ఉండే తాత నిచ్చెన పట్టుకున్నాడు. పట్టుకున్నందుకు ఊరుకోక ఒక కథ కూడా చెప్పాడు.

ఆ హాల్లో మడత కుర్చీలు. మనిషి లేస్తే సీటు దానంతటదే పైకి మడుచుకుంటుంది. ఏడో వరుసలో నడవ పక్కనున్న మొదటి కుర్చీని మాత్రం ఎవరికీ ఇవ్వరట. పూర్వం స్లైడ్లు తిప్పే పెద్దమనిషి ఒకాయన ఖాళీ దొరికితే అక్కడే కూర్చునేవాడట. దీపాలార్పినప్పుడు పక్కన ఎవరైనా బెదిరితే మాట్లాడకుండా వాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చునేవాడట. ఒకరోజు ఉపన్యాసం మధ్యలో ఆ కుర్చీలోనే పోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ముఖం వేదిక వైపే ఉంది. ఉపన్యాసాల్లో అలాంటివాళ్ళు చాలామంది ఉంటారు గనక దీపాలు వేసేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

"అప్పట్నుంచీ ఆ సీటు చల్లగా ఉంటుందమ్మా," అన్నాడు తాత. "ఎంత వేసవైనా సరే."

టేపు వెళ్ళి ఆ కుర్చీ మీద చెయ్యి వేసి చూసింది. నిజంగానే చల్లగా ఉంది. కిటికీకి దూరంగా ఉందిలే అనుకుని దూరం కూడా కొలిచింది. పక్క కుర్చీ కూడా దాదాపు అంతే దూరంలో ఉంది. అది వెచ్చగా ఉంది. ఆ సంగతి ఆమె కాగితం మీద రాసుకోలేదు.

*

ఉపన్యాసాల వారంలోనే ఇంట్లో ఇంకో కొలత నడుస్తోంది. నాన్న స్నేహితుడి కొడుకు, గోడరంగుల కొట్టు చూసుకుంటాడు. రంగులబ్బాయి అంటే చాలు. రెండుసార్లు ఇంటికి వచ్చాడు, మర్యాదగా కూర్చున్నాడు, ఎవరేమన్నా కరెక్టే అన్నాడు. నాన్న ఒకటీ, మేనత్త దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఇంకొకటీ అంటే రెండూ కరెక్టేనన్నాడు. ఆదివారం పొద్దున వాళ్ళకి పెళ్ళి సంగతి ఏదో ఒక మాట చెప్పాలి. కాదనడానికి టేపుకి కారణం దొరకలేదు. అవుననడానికీ దొరకలేదు. ఇరవయ్యారేళ్ళు వచ్చాక కారణం లేకుండా కాదంటే ఇంట్లో వినరు, కారణం లేకుండా అవునంటే మాత్రం అందరూ మెచ్చుకుంటారు.

శుక్రవారం ఉపన్యాసానికి కర్టెన్లు కుట్టినవాళ్ళకని శాస్త్రవేత్త మేడమే రెండు పాసులు పంపింది. ఏడో వరుస, రెండూ మూడూ నంబర్లు. నంబర్లు చూడగానే మేనత్త, టేపు చెప్పిన కాపలా తాత కథ గుర్తు చేసుకుని మూడో కుర్చీలో కూర్చుంది. టేపుకి రెండోది మిగిలింది. ఆ పక్కన మొదటి కుర్చీ మడుచుకుని, ఎవరికోసమో ఉంచినట్టు ఉంది.

మేడం పొట్టి మనిషి. తెల్లటి కత్తిరింపు జుట్టు, తాడుతో మెళ్ళో వేలాడే కళ్ళజోడు. వేదిక మీదికి వచ్చి పరిచయాలేమీ చెప్పుకోకుండా, ఇప్పుడు దీపాలార్పుతాం అంది. పది నిమిషాలపాటు ఎవరూ మాట్లాడవద్దు, కదలవద్దు, ఫోన్లు తియ్యవద్దు. ఏమీ కనపడదు. కళ్ళు కొత్తగా చూడటం నేర్చుకోవడానికి అంత టైము పడుతుంది.

దీపాలు ఆరిపోయాయి.

తను కుట్టిన చీకటిని టేపు లోపలినుంచి చూడటం అదే మొదలు. మామూలు చీకటిలో ఏవో రూపురేఖలు మిగులుతాయి. ఇందులో ఏమీ మిగల్లేదు. అరచెయ్యి ముక్కుదాకా తెచ్చుకుంది, కనపడలేదు. మూడువందల మంది ఉన్న హాలు, ఎవరూ లేనట్టుంది. మంచి పని అనుకుంది. అప్పుడు మూడో కిటికీ పైభాగాన ఆవగింజంత వెలుగు చుక్క కనిపించింది. ఎక్కడో సూది అనవసరంగా ఒకసారి దిగింది. టేపుకి ఒళ్ళు మండింది. రేపు వచ్చి అది కుట్టెయ్యాలి.

చీకట్లోంచి మేడం గొంతు వస్తోంది. మొదటిసారి సముద్రం అడుక్కి ఇనప గోళంలో దిగినప్పుడు దీపం పాడైందట. పైకి చెప్పడానికి ఫోను కూడా పనిచెయ్యలేదట. చచ్చిపోయాననే అనుకుని చిన్న గాజు కిటికీకి నుదురు ఆనించి కూర్చుందట. ఒక నిమిషం, రెండు, మూడు...

అప్పుడు పక్క కుర్చీ దిగింది.

స్ప్రింగు మెల్లగా మూలిగిన చప్పుడు. ఆ తరవాత ఉప్పు వాసన, తడి వాసన. లేవాలా కూర్చోవాలా అని టేపు ఆలోచించేలోగా, కుర్చీ చేతి మీదున్న ఆమె చేతి మీదికి ఇంకో చెయ్యి వచ్చి పడింది.

మంచుగడ్డలా ఉంది. తడిసి ఉంది. వణుకుతోంది.

కేక వెయ్యాల్సిందే. కానీ మాట్లాడవద్దన్నారు. పైగా తను ఒక్కసారి కేక వేస్తే మేనత్త పదిసార్లు వేస్తుంది. టేపు వేళ్ళతో బతికే మనిషి గనక భయపడుతూనే ఆ వేళ్ళను చదివింది. పొడవైన వేళ్ళు. బొటనవేలి కొన, చూపుడువేలి కొన నున్నగా ఉన్నాయి. మనిషి వేళ్ళకి ఉండే గీతలు వాటికి లేవు. సబ్బులా, గాజులా జారుతున్నాయి. గీతలు లేని వేలు బతికున్న మనిషిది ఎలా అవుతుంది?

కానీ ఆ చెయ్యి ఆమెను భయపెట్టడానికి వచ్చినట్టు లేదు. మునిగిపోయేవాడు తాడు పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎందుకో టేపుకి ఇప్పటికీ తెలియదు, తన చేతిని వెల్లకిలా తిప్పి గట్టిగా పట్టుకుంది. వణుకు తగ్గింది. ఇంకాస్త తగ్గింది. ఆగిపోయింది.

"...ఏడో నిమిషంలో," అంటోంది మేడం, "కిటికీ అవతల మొదటి వెలుగు కనిపించింది. అంతకుముందూ అది అక్కడే ఉంది. నాకే కళ్ళు లేవు. చీకట్లో ఏమీ లేదని చెప్పేవాళ్ళంతా రెండో నిమిషంలో లేచిపోయినవాళ్ళే."

చెయ్యి ఆమె చేతిని ఒకసారి నొక్కి వదిలేసింది. కుర్చీ పైకి మడుచుకుంది. అడుగుల చప్పుడు మాత్రం వినపడలేదు.

కొంతసేపటికి వేదిక మీద నీలపు వెలుగు పుట్టింది. ఒక గాజు సీసా, అందులో వెలుగుతున్న నీళ్ళు, వాటి కాంతిలో మేడం వేళ్ళూ గడ్డమూ. కంటికి కనపడనంత చిన్న జీవులు, కోట్లకొద్దీ. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది. టేపు సీసా వైపు చూడలేదు. తన అరచేతిని చూస్తోంది. అందులో నాలుగు వేళ్ళ గుర్తులు నీలంగా వెలుగుతున్నాయి.

దీపాలు వేశాక గుర్తులు మాయమయ్యాయి. పక్క కుర్చీ సీటు దించి చూసింది. తడిగా ఉంది.

*

కొట్టుకి వచ్చాక టేపు మిగిలిన నల్ల గుడ్డ నాలుగు మడతలు వేసి నెత్తిన కప్పుకుని బల్ల కింద కూర్చుంది. బయట ఇంకా వెలుగుంది. మేడం చెప్పినట్టు ఓపిగ్గా ఎదురుచూసింది. ఐదో నిమిషంలో మేనత్త వచ్చి ఏమైందే అని అడుగుతూనే తనూ గుడ్డలో దూరింది. తొమ్మిదో నిమిషంలో అరచేతిలో వెలుగు కనిపించింది, పలచగా, ఆరిపోతూ.

మేనత్త ఆరోజు రెండో కేక వెయ్యలేదు. మొదటిదే చాలాసేపు సాగింది.

గుడ్డలోంచి బయటపడ్డాక ఇద్దరూ నాన్నకి చెప్పారు. మేనత్త లెక్క ప్రకారం విషయం చాలా స్పష్టం. ఆ స్లైడ్ల పెద్దమనిషికి టేపు నచ్చింది, గుర్తు వేసి వెళ్ళాడు. నాన్న కూతురి చెయ్యి అటూ ఇటూ తిప్పి, మరకలా ఉంది, ఉతికితే పోతుంది, పోకపోతే అప్పుడు ఆలోచిద్దాం అన్నాడు. గుడ్డల కొట్టువాళ్ళకి అన్నీ మరకలే.

టేపు చెయ్యి కడుక్కోలేదు. భోజనం ఎడమచేత్తో చెంచా పట్టుకుని కానిచ్చింది. ఆమెను వేధిస్తున్నది దెయ్యం కాదు. చచ్చిపోయినవాడికి ఇక దేనికి భయం? అది అంతలా ఎందుకు వణికింది? తను పట్టుకున్నాక ఎందుకు ఆగింది? ఇరవయ్యారేళ్ళలో తన చెయ్యి గుడ్డకి తప్ప ఎవరికీ అంత అవసరపడలేదు.

శనివారం పొద్దున నాన్న గుడ్డ కత్తిరిస్తూ, తలెత్తకుండా అడిగాడు. "రేపు వాళ్ళకేం చెప్పమంటావు? ఆ అబ్బాయిలో లోపమేంటమ్మా?"

"ఏమీ లేదు నాన్నా. అదే."

"అదే అంటే?"

"ఆయనకి ఏ భయమూ లేదు. నేనెందుకు మరి?"

నాన్న కత్తెర ఆపాడు. మళ్ళీ కత్తిరించాడు. సాయంత్రం దాకా ఆలోచించుకో అన్నాడు. సాయంత్రమంటే టేపుకి ఒకటే లెక్క. ఈరోజుది ఆఖరి ఉపన్యాసం. రాత్రి బండికి మేడం, ఆవిడ మనుషులూ వెళ్ళిపోతారు. ఆ చెయ్యి ఎవరిదో ఈరోజు తేలకపోతే ఇక తేలదు. దెయ్యానిదని తేలినా మంచిదే. కనీసం రంగులబ్బాయి గురించి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

*

మూడింటికి హాలుకి వెళ్ళి మూడో కిటికీకి నిచ్చెన వేసుకుంది. సూది రంధ్రం దొరికింది. దారం ఎక్కిస్తూండగా కిందనుంచి ఎవరో పిలిచారు.

"ఏవండీ. ఈ కర్టెన్లు కుట్టింది మీరేనా?"

కింద ఒక యువకుడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతులకి మోచేతులదాకా రబ్బరు గ్లవ్స్, పక్కన మంచుముక్కల బకెట్టు. మొహం చూస్తే వారం నుంచీ నిద్ర లేనట్టుంది.

"అవును. బాగున్నాయా?"

"మరీ బాగున్నాయి. ఇంత అవసరమా? అరచెయ్యి కనపడొద్దన్నారు గానీ, ప్రపంచమే కనపడొద్దన్నారా?"

"చీకటిలో తక్కువ రకం మా దగ్గర ఉండదండి."

అతను నవ్వబోయి, ఆమె చేతిలోని సూది చూసి ఆగిపోయాడు. "అక్కడేం చేస్తున్నారు?"

నిన్న ఒక చిల్లు కనిపించిందనీ, అది పూడుస్తున్నాననీ చెప్పింది. అతని మొహంలో ఉన్న కాస్త రంగూ పోయింది. వద్దండీ అన్నాడు. ఎందుకు వద్దంటే సరిగా చెప్పలేదు. ఒక్క చిల్లు వల్ల ఏం నష్టమన్నాడు. నక్షత్రంలా బాగుందన్నాడు. చివరికి దాన్ని చూసి నడిచేవాళ్ళు ఉండవచ్చు కదా అన్నాడు. పనిలో తప్పును ఎవరైనా అందంగా ఉందని పొగిడితే టేపుకి ఇంకా కోపం. ఉంచమని మేడం చేత చెప్పించండి అంది. మేడంకి చెప్పే విషయం కాదన్నాడు. అయితే నాకూ కాదని చెప్పి, రెండు కుట్లు వేసి, ముడి వేసి, దారం పంటితో కొరికేసింది. ఆ ముడి పడుతూండగా అతను కళ్ళు మూసుకోవడం ఆమె చూసింది.

నిచ్చెన దిగాక కాస్త జాలేసి మాట కలిపింది. అతను మేడం ప్రయోగశాలలో గాజు ఊదేవాడు. మంట ముందు కూర్చుని గొట్టాలూ సీసాలూ చేస్తాడు. నిన్న చూసిన సీసా అతను చేసిందే. మీరెందుకు వచ్చారు మరి అంటే, రావాల్సిన అసిస్టెంటుకి జ్వరం వచ్చిందన్నాడు.

"ఆ సీసాలో ఉన్నది మేడం పదహారేళ్ళ నుంచి పెంచుతున్న పంట. జారితే ఇంకొకటి లేదు," అన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు. "ఈ హాల్లో ఏదైనా... ఉందాండీ?"

"ఏదైనా అంటే?"

"ఇనప వేలు ఉన్నది."

ఇనప వేలు సంగతి తనకు తెలియదనీ, ఏడో వరుస మొదటి కుర్చీలో మాత్రం ఒకాయన పోయాడనీ, నిన్న తనకీ అక్కడ ఒకటి ఎదురైందనీ చెప్పబోయింది. మొదటి కుర్చీ అనే మాట దాకా వచ్చేసరికి అతను బకెట్టు ఎత్తుకుని, మేడం పిలుస్తున్నారంటూ వెళ్ళిపోయాడు. మేడం ఇంకా రానే లేదు.

*

నాలుగింటికి టేపు మళ్ళీ రెండో కుర్చీలో కూర్చుంది. నిన్ను ఒంటరిగా వదిలితే మా తమ్ముడికి ఏం సమాధానం చెప్పాలి అంటూ మేనత్త కూడా వచ్చి మూడో కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. మొదటి కుర్చీ మడుచుకునే ఉంది.

దీపాలు ఆరిపోయాయి.

ఈసారి చుక్క కూడా లేదు. తన పనితనం చూసి టేపుకి తనకే ఊపిరాడలేదు. మేడం గొంతు నిన్నటిలాగే గోళంలోకి దిగింది, దీపం పాడైంది. ఒక నిమిషం, రెండు, మూడు. పక్క కుర్చీ దిగలేదు. నాలుగు. టేపు చెయ్యి వెల్లకిలా పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఎదురుచూస్తున్నానని తెలిసి సిగ్గేసింది.

అప్పుడు వెనకనుంచి చిన్న చప్పుడు వినిపించింది. మంచుముక్కలు ఒకదానికొకటి తగిలే చప్పుడు. గలగల. ఆగింది. మళ్ళీ గలగల, నిలువెల్లా వణికే మనిషి చేతిలో బకెట్టు ఉంటే ఎలా ఉంటుందో అలా. అది ముందుకి రావడం లేదు, వెనక్కి పోవడం లేదు. నడవ మధ్యలో ఉన్నచోటే ఉండిపోయింది.

మంచు. తడి. ఉప్పు వాసన. మంట దగ్గర ఏళ్ళ తరబడి కాలి కాలి, గీతలన్నీ అరిగిపోయిన వేళ్ళు.

టేపు మూడో కిటికీ ఉండాల్సిన వైపు తల తిప్పింది. దాన్ని చూసి నడిచేవాళ్ళు ఉండవచ్చు కదా అన్నాడు. మూడువందల మందిలో చీకటంటే భయపడే ఒకే ఒక్క మనిషి, పదహారేళ్ళ పంటున్న సీసాను మంచు బకెట్టులో పెట్టుకుని వేదికదాకా మోస్తూ, ఆవగింజంత చుక్కను నమ్ముకుని వస్తే, దాన్ని తను ముడి వేసి మరీ కుట్టేసింది.

మాట్లాడటానికి లేదు. లేచి వెతుక్కుంటూ వెళితే తగిలి సీసా పడవచ్చు. టేపు చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా నొక్కింది. టిక్కుమంది.

మధ్యవేలికి కుట్టేటప్పుడు తొడుక్కునే ఇనప టోపీ. పొద్దున తొడిగితే పడుకునేదాకా తీయడం గుర్తుండదు. నిన్నా ఉంది. ఇనప వేలు.

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నిన్న ఇక్కడ తను ఒక దెయ్యం చెయ్యి పట్టుకుంటే, అతను ఇంకో దెయ్యం చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు ఈ చప్పుడు వింటే అతను పారిపోతాడు. వినిపించకపోతే అక్కడే పడిపోతాడు. టేపు ఒక్క క్షణం ఆగి, ఆ ఇనప వేలితో కుర్చీ చేతి మీద కొట్టింది.

టిక్. టిక్. టిక్.

మంచు చప్పుడు ఆగిపోయింది. మేనత్త గొంతులో ఏదో మొదలైంది గానీ బయటికి రాలేదు. వేదిక మీద మేడం ఐదో నిమిషం దాటింది.

మెల్లగా ఒక గలగల. ఇంకొకటి. అతను ఇనప వేలి చప్పుడు వైపే వస్తున్నాడు.

కుర్చీ దిగలేదు. నడవలో నిలబడే, గాలిలో వెతుక్కుంటూ ఒక చెయ్యి ఆమె భుజానికి తగిలింది. రబ్బరు. అది వెనక్కి పోయింది, పంటితో గ్లవ్ లాగుతున్న చప్పుడు, మళ్ళీ వచ్చింది. ఈసారి చల్లటి, నున్నటి వేళ్ళు. టేపు వాటిని పట్టుకుని లేచి నిలబడింది.

ఏడో వరుస నుంచి వేదిక మెట్లదాకా ముప్ఫై ఒక్క అడుగు. ఆమె అడుగులతో అయితే ఇరవై ఒకటి. మెట్లు నాలుగు, ఒక్కోటీ ఏడంగుళాలు. ఆ హాలును ఆమె అంగుళాల్లో ఎరుగును, కళ్ళతో పని లేదు. లెక్క పెట్టుకుంటూ నడిచింది. అతను వెంట నడిచాడు. ప్రతి మెట్టు దగ్గరా అతని వేళ్ళను ఒకసారి నొక్కింది. నాలుగో మెట్టెక్కేసరికి మంచు గలగలలాడటం మానేసింది.

"...ఏడో నిమిషంలో," అంటోంది మేడం వాళ్ళకి రెండడుగుల దూరంలో, "మొదటి వెలుగు కనిపించింది."

అతను సీసా మీది ముసుగు తీశాడు. నీలపు వెలుగు మెల్లగా మేలుకుంది. అందులో ముందు అతని వేళ్ళు కనిపించాయి, తరవాత గడ్డం, ముక్కు, కళ్ళు. మొన్నటిదాకా లేని మనిషి ఒక్కొక్క ముక్కే పుట్టుకొచ్చినట్టు కనిపించాడు. ఆమె కూడా అతనికి అలాగే కనిపించి ఉంటుంది. ఇద్దరూ సీసాను మర్చిపోయారు.

మేడం కళ్ళజోడు పెట్టుకుని ఇద్దరినీ, పట్టుకున్న చేతులనీ చూసింది.

"నలభై ఏళ్ళుగా చూపిస్తున్నాను," అంది హాలు వైపు తిరిగి. "ఓపిగ్గా కూర్చుంటే ఒకటి కనపడుతుందని చెబుతూ వచ్చాను. ఈరోజు రెండు కనపడ్డాయి."

మూడువందల మంది చప్పట్లు కొట్టారు. దేనికో వాళ్ళకి సరిగ్గా తెలియదు.

*

ఉపన్యాసం అయ్యాక ఇద్దరూ వేదిక మెట్ల మీద కూర్చున్నారు. అతను ముందు క్షమాపణ చెప్పుకున్నాడు. రోజంతా మంట ఎదురుగా ఉండే పని కదా, చీకటి బొత్తిగా అలవాటు తప్పిందన్నాడు. నిన్న సగం దారిలో కాళ్ళు ఆడక చేతికి దొరికిన కుర్చీలో కూలబడ్డాడట. వణుకుతో సీసా తొణికి చెయ్యంతా తడిసిందట, అందుకే ఈరోజు గ్లవ్స్. బూట్లు చప్పుడు చేస్తాయని మేడం అతన్ని మేజోళ్ళతోనే నడిపించిందట.

"దెయ్యం అనుకున్నారు కదా," అంది టేపు. "అయితే ఈరోజు ఎందుకు వచ్చారు, ఆ చప్పుడు విని?"

అతను గ్లవ్ మడత పెట్టి పక్కన పెట్టాడు.

"నిన్న అది చెయ్యి తిప్పి పట్టుకుందండీ. నన్ను అలా ఎవరూ పట్టుకోలేదు. రాత్రంతా ఆలోచించాను." తలెత్తాడు. "దెయ్యమైనా ఫర్వాలేదనుకున్నాను."

టేపు తన మెళ్ళోని కొలతల టేపు తీసి అతని మణికట్టు చుట్టూ వేసి కొలిచింది. ఆరున్నర అంగుళాలు. సన్నటి చెయ్యి. దీనికి కాస్త తిండి పెట్టాలి అనుకుంది.

నిచ్చెన తీసుకెళ్ళడానికి వచ్చిన నాన్న వాళ్ళ ఎదురుగా ఎంతసేపటినుంచి నిలబడ్డాడో తెలియదు. టేపు లేచి, రంగులబ్బాయి వాళ్ళకి రేపటిదాకా ఆగక్కర్లేదు, ఈరోజే చెప్పెయ్యి నాన్నా అంది. ఏమని చెప్పాలని ఆయన అడగలేదు. కుర్రాడి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వెలుతురు వైపు ఎత్తి చూశాడు.

"ఇదా మరక," అన్నాడు. "ఉతికినా పోయేటట్టు లేదు."

తరవాత నిచ్చెన రెండో కొస పట్టుకోమని అతనికే ఇచ్చాడు. కొట్టు దాకా చాలా దూరం. దారి పొడుగునా ఏం మాట్లాడుకోవాలో మాట్లాడుకుంటారు.

మేనత్త ఇంకా ఏడో వరుసలోనే కూర్చుని ఉంది. టేపు వెళ్ళి, పద అత్తయ్యా అంది. కోప్పడుతుందనుకుంటే ఆవిడ మొహం ప్రశాంతంగా ఉంది.

"నువ్వలా లేచిపోయేసరికి ప్రాణం పోయిందనుకో," అంది లేచి చీర సర్దుకుంటూ. "ఒక్కదాన్నే చీకట్లో ఏం చెయ్యాలి? నీ కుర్చీలోకి జరిగి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తొందరగానే వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చున్నావు కాబట్టి సరిపోయింది. దీపాలు వేసేదాకా వదల్లేదు, మంచి పని చేశావు. నీ చెయ్యేమిటే అంత చల్లగా ఉంది?"

దీపాలు వేసేదాకా టేపు వేదిక మీద ఉంది. మూడువందల మంది చూశారు.

ఆమె నడవ అవతల నిచ్చెన కొస పట్టుకుని నిలబడ్డ అతని వైపు చూసింది. అతను మొదటి కుర్చీ వైపు చూస్తున్నాడు.

హాలంతటా సీట్లన్నీ మడుచుకుని ఉన్నాయి, ఆ ఒక్కటే దిగి ఉంది. వాళ్ళు చూస్తూండగా దాని స్ప్రింగు మెల్లగా మూలిగింది. మంచి ఉపన్యాసం విని తృప్తిగా లేచిన పెద్దమనిషి కుర్చీ ఎలా మడుచుకుంటుందో, అంత నెమ్మదిగా, అంత మర్యాదగా, అది పైకి మడుచుకుంది.